పాక్ నీరు, తాగే నీరు: రెండు ప్రశ్నలు, రెండు కొలమానాలు

నీటి గురించి మానవుడు ప్రాచీనకాలం నుండి రెండు ప్రశ్నలు అడుగుతూ వచ్చాడు. ఈ నీటితో దేహాన్ని, దుస్తులను శుద్ధి చేసుకోవచ్చునా అనేది మొదటిది. ఈ నీటిని తాగవచ్చునా అనేది రెండవది. ఈ రెండు ప్రశ్నలు ఒకటే అనిపిస్తాయి గాని, ఒకటి కావు. మొదటిదానికి 'అవును' అని జవాబు వచ్చిన నీరు రెండవదానికి 'కాదు' అనిపించుకోవచ్చు. ఈ భేదాన్ని గుర్తించకపోవటం వలన ఊళ్లకు ఊళ్లు రోగాల పాలైన ఉదాహరణలు దూరదేశాలలోనే కాదు, తెలుగునేల మీద కూడా ఉన్నాయి. పుణ్యార్థం బావులు, బోర్లు వేయించే దాతలకు, మస్జిదుల నిర్వాహకులకు, గృహిణులకు ఈ భేదం తెలిసి ఉండటం అత్యవసరం.

ధర్మశాస్త్రం అడిగే ప్రశ్న

ఆకాశం నుండి కురిసే నీటిని దివ్యఖుర్‌ఆన్ 'తహూర్' అనే పదంతో పేర్కొన్నది (25:48). తాను శుద్ధంగా ఉండటమే గాక ఇతర వస్తువులను శుద్ధి చేసేది అని ఈ పదానికి వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. ఫిఖహ్ గ్రంథాలు సామాన్యంగా 'శుద్ధి ప్రకరణం'తో ప్రారంభమవుతాయి. పలు గ్రంథాలలో ఆ ప్రకరణంలో మొదటి చర్చ నీటిని గురించే.

నీటికి మూడు గుణాలున్నాయని ఫఖీహులు లెక్కించారు: రంగు, రుచి, వాసన. మలినం పడి ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా ఆ నీరు అశుద్ధం. ఇందులో అందరికీ ఏకాభిప్రాయం ఉన్నది. గుణాలు మారని సందర్భంలోనే భేదాలు వచ్చాయి. ఇమామ్ మాలిక్ వర్గంలో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం గుణం మారనంతవరకు నీరు పాక్‌గానే ఉంటుంది. షాఫయీ, హంబలీ వర్గాలు రెండు 'ఖుల్లా'ల పరిమాణాన్ని హద్దుగా పెట్టాయి. ఇది సుమారు 200 లీటర్లని ఆధునికులలో పలువురి అంచనా, అయితే ఈ లెక్కలలో హెచ్చుతగ్గులున్నాయి. హనఫీ వర్గం కొద్దిపాటి నిలవనీటిలో మలినం పడితే చాలు, గుణం మారకపోయినా అది అశుద్ధమన్నది. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల జలాశయాన్ని 'అధిక జలం'గా ఆ వర్గపు తరువాతి పండితులు పరిగణించారు. పాత మస్జిదులలోని హౌజులను అంత విశాలంగా నిర్మించటానికి ఈ నియమం కూడా ఒక కారణం.

ఈ చర్చలన్నింటికీ మూలాధారాలలో ఒకటి మదీనాలోని బుజాఆ బావి. చెత్తాచెదారం వచ్చి పడే ఆ బావి నీటితో శుద్ధి పొందవచ్చునా అని కొందరు దైవప్రవక్త (స)ను అడుగగా, నీరు శుద్ధమైనదేనని ఆయన సెలవిచ్చినట్లు హదీసు గ్రంథాలలో ఉన్నది. ఈ హదీసును నమోదు చేసిన ఇమామ్ అబూదావూద్ (మరణం హిజ్రీ 275) అంతటితో ఊరుకోలేదు. స్వయంగా ఆ బావి దగ్గరకు వెళ్లి, తన ఉత్తరీయాన్ని దానిమీద పరచి కొలిచారు. వెడల్పు ఆరు మూరలు తేలింది. బావి కట్టడం పూర్వం ఉన్నట్లే ఉన్నదా, మార్చారా అని తోటవాణ్ణి అడిగారు. మార్చలేదని అతడు చెప్పాడు. నీటి రంగు మాత్రం మారి ఉండటాన్ని ఇమామ్ గమనించి గ్రంథస్థం చేశారు. నీటి విషయంలో వినికిడితో సరిపెట్టుకోక, వెళ్లి చూసి, కొలిచి, విచారించి చెప్పే ఈ పద్ధతి ఈనాటి నీటిపరీక్షకులకు కూడా అనుసరణీయమే.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. మట్టి, నాచు, రాలిన ఆకులు, దీర్ఘకాలపు నిలవ వీటివలన రంగు మారిన నీరు ధర్మశాస్త్రరీత్యా అశుద్ధం కాదు. నాచుపట్టిన చెరువునీటితో వుజూ చెల్లుతుంది. అంతమాత్రాన ఆ నీరు తాగటానికి యోగ్యమని ఏ ఫఖీహూ హామీ ఇవ్వలేదు. నీటి వాడకం వలన రోగం పెరుగుతుందనే భయమున్నవానికి పాక్ నీరు ఎదుటనే ఉన్నా తయమ్ముమ్‌కు అనుమతి ఉండటం ఇందుకు నిదర్శనం. శుద్ధి ఒక విచారణ, హాని మరొక విచారణ.

ఆరోగ్యశాస్త్రం అడిగే ప్రశ్న

తాగే నీటిలోని మాలిన్యాలను మూడు తరగతులుగా విభజించవచ్చు.

మొదటిది, నీటిలో తేలాడే మట్టి, ఇసుక, కుళ్లిన ఆకుల వంటి కంటికి కనిపించే మడ్డి. ఇది స్వతహాగా పెద్ద ప్రమాదకారి కాకపోయినా, రోగక్రిములకు చాటుగా నిలిచి మందు పనిచేయకుండా చేస్తుంది.

రెండవది, ప్రాణమున్న మాలిన్యం. కలరా, టైఫాయిడ్, రక్తవిరేచనాలు, ఒకరకపు కామెర్లు, పోలియో మొదలైన వ్యాధుల క్రిములు మానవమలం ద్వారా నీటిలో చేరుతాయి. దిగుడుబావులలోకి కాళ్లతో దిగి నీరు ముంచుకునేచోట నారికురుపు వ్యాపించేది. ఆ పురుగుపిల్లలను మోసే నీటిపేలు గుడ్డతో వడగడితే పోయేంత పెద్దవి. గుడ్డ వడపోత ప్రచారం, దిగుడుబావులకు బదులు చేతిపంపుల ఏర్పాటు, రోగుల గుర్తింపు వీటితోనే భారతదేశం ఆ వ్యాధిని నిర్మూలించి 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరణ పొందింది.

మూడవది, నీటిలో పూర్తిగా కరిగిపోయిన రసాయనాలు. ఫ్లోరైడ్, ఆర్సెనిక్, ఇనుము, లవణాలు భూగర్భంలోని రాళ్ల నుండి వస్తాయి. నైట్రేట్ ఎరువుల వలన, మరుగుదొడ్ల గుంటల వలన చేరుతుంది. భారత ప్రమాణాల ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదు. దాటిన నీటితో కలిపిన పాలు పసిబిడ్డల రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గించి, ఒళ్లు నీలివర్ణానికి తిప్పే ప్రమాదమున్నది.

మొదటి తరగతిని కన్ను పట్టుకుంటుంది. రెండవ, మూడవ తరగతులలో అధికభాగం కంటికీ, ముక్కుకూ, నాలుకకూ అందదు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

నాలుకను మోసగించిన నీళ్లు

1854లో లండన్ నగరంలోని బ్రాడ్ వీధి పరిసరాలలో కలరా విజృంభించింది. జాన్ స్నో అనే వైద్యుడు ఇంటింటికీ తిరిగి మరణాలను లెక్కవేసి, వాటిలో అత్యధికం ఆ వీధిలోని ఒకే ఒక చేతిపంపు చుట్టూ ఉన్నాయని కనుగొన్నాడు. ఆ నీరు చెడ్డపేరు పొందినది కాదు. దూరంగా వేరొక పేటలో నివసించే ఒక వృద్ధ మహిళ ఆ నీటి రుచికి అలవాటుపడి ప్రత్యేకంగా తెప్పించుకుని తాగేది. ఆ పేటలో మరెవరికీ కలరా లేకపోయినా ఆమె కలరాతో మరణించింది. రుచి బాగుండటం రక్షణ కాదనటానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు. 1865లో హజ్ యాత్రికులలో చెలరేగిన కలరా ఈజిప్టు మీదుగా ఐరోపా దాకా ప్రాకింది. దాని ఫలితంగానే 1866లో ఇస్తాంబూల్ నగరంలో అంతర్జాతీయ ఆరోగ్య మహాసభ సమావేశమైనది. ఆ తరువాత 1883-84లో రాబర్ట్ కోహ్ ఈజిప్టులోను, కలకత్తాలోను పరిశోధించి కలరా క్రిమిని రుజువు చేశాడు.

తెలుగునేల మీది ఉదాహరణ ఇంకా బాధాకరమైనది. ఆనాటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలో (ఆ ప్రాంతంలో కొంత ఇప్పటి ప్రకాశం జిల్లాలో ఉన్నది) మనుషులు నడుములు వంగి, కీళ్లు బిగిసిపోవటానికి బావినీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో వైద్యులు ప్రకటించారు. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలు ఈ వ్యాధికి దేశమంతటా పేరుపడ్డాయి. అక్కడి గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్లతరబడి భూగర్భజలంలోకి కరుగుతుంది. భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. మరొక జలవనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు. అది దాటితే పిల్లల పళ్లపై గారమచ్చలు పడతాయి. 3 నుండి 6 మిల్లీగ్రాముల నీటిని ఏళ్లతరబడి తాగితే ఎముకలు దెబ్బతింటాయి. ఇంకా హెచ్చితే మనిషి మంచాన పడతాడు. ఒకసారి వంగిన ఎముకను నిలబెట్టే మందు లేదు.

ఈ నీటిని ధర్మశాస్త్రపు గీటురాయిపై పెట్టి చూస్తే రంగు లేదు, వాసన లేదు, రుచిలో దోషం లేదు. వుజూకు నిస్సందేహంగా పనికివస్తుంది. తాగటానికి మాత్రం విషం.

బంగ్లాదేశ్ అనుభవం మరొక పాఠం. చెరువునీటి వలన వచ్చే విరేచనాల నుండి పిల్లలను కాపాడాలనే సదుద్దేశంతో 1970వ దశకం నుండి అక్కడ లక్షలాది గొట్టపుబావులు వేశారు. క్రిముల బెడద తగ్గింది. కాని ఆ నీటిలో ఆర్సెనిక్ ఉన్నదని 1993లో బయటపడింది. ఏళ్లతరబడి తాగినవారికి అరచేతులు, అరికాళ్లు గరుకెక్కి, చర్మంపై మచ్చలు పడి, కొందరికి పుట్టకురుపులు వచ్చాయి. మేలుచేయాలన్న సంకల్పం మంచిదే. నీటిని క్రిముల కోసం పరీక్షించి రసాయనాల కోసం పరీక్షించకపోవటమే లోపం. పరీక్షల తరువాత ప్రమాదకరమైన గొట్టాలకు ఎర్రరంగు, సురక్షితమైనవాటికి ఆకుపచ్చరంగు వేసే పద్ధతి అక్కడ అమలులోకి వచ్చింది.

పండితుల తీర్మానం ఒకటి

ఈ రెండు ప్రశ్నలను విడదీసి చూడటం కొత్తగా పుట్టిన పోకడ కాదు. హిజ్రీ 1398 (1978)లో సౌదీ అరేబియా సీనియర్ పండితుల మండలి ఎదుటకు ఒక సమస్య వచ్చింది: మురుగునీటిని యంత్రాలతో శుద్ధిచేస్తే ఆ నీటికి ఏ విధి వర్తిస్తుంది? మండలి నిపుణుల నివేదికలను పరిశీలించి, మలినం ఆనవాళ్లు రంగులోను, రుచిలోను, వాసనలోను మిగలకుండా శుద్ధి జరిగితే ఆ నీరు పాక్ అవుతుందని, దానితో వుజూ మొదలైనవి చెల్లుతాయని నిర్ణయించింది. తాగటం విషయంలో మాత్రం వేరుగా మాట్లాడింది. ఆరోగ్యానికి హాని కలిగేటట్లుంటే తాగరాదని, ఆ నిషేధానికి కారణం అశుద్ధత కాదు, హాని అని స్పష్టం చేసింది. వీలైనంతవరకు అటువంటి నీటిని తాగటానికి వాడకపోవటమే మంచిదని కూడా సూచించింది.

దీనికి విలోమమైన నియమం కూడా గ్రంథాలలో ఉన్నది. నజిస్ నీటిని మరిగించినంత మాత్రాన అది పాక్ కాదు, క్రిములు చచ్చినా సరే. హనఫీ గ్రంథాల ప్రకారం బావిలో ఎలుక పడి చచ్చి, ఉబ్బకముందే తీసివేస్తే 20 నుండి 30 బొక్కెనల నీరు తోడిపోస్తే బావి పాక్ అవుతుంది. వుజూకు అది చాలును, తాగటానికి చాలదు. తోడిన తరువాత బావిలో బ్లీచింగ్ పౌడరు కలపవలసి ఉంటుంది. ఒక విధిని నెరవేర్చటం రెండవదాన్ని తొలగించదు.

పూర్వవైద్యుల పద్ధతులు

ఇబ్నుసీనా (980-1037) తన 'అల్ ఖానూన్' గ్రంథంలో చెడునీటిని బాగుచేయటానికి మరగకాచటాన్ని, బట్టీపట్టటాన్ని సూచించాడు. ఉన్నితో పేనిన వత్తి ఒక కొనను నిండుకుండలోను, రెండవ కొనను ఖాళీకుండలోను ఉంచితే బొట్లుబొట్లుగా తేటనీరు దిగే ఉపాయాన్ని కూడా వివరించాడు. ప్రయాణీకులు ఊరూరి నీటి మార్పు వలన జబ్బుపడకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను కూడా ప్రత్యేకంగా చర్చించాడు. ఈజిప్టులో ఇబ్నుల్ ఉఖువ్వా (మరణం 1329) రచించిన 'హిస్బా' గ్రంథంలో నీళ్లు మోసేవారికి నియమాలున్నాయి. ఒడ్డున మురికి ఉన్నచోట గాక నదిలోపలికి దిగి నీళ్లు నింపుకోవాలని వాటి సారాంశం. ఆ నియమాలు అమలవుతున్నాయో లేదో చూడటం ముహ్తసిబు బాధ్యత.

తెలుగు ఇళ్లలో చిల్లగింజను కడవ లోపల రుద్ది మడ్డినీటిని తేటపరచటం ఉండేది. మునగగింజల పొడికి కూడా ఆ గుణం ఉన్నది. ఇవి మడ్డిని అడుగుకు దించుతాయి. క్రిములను కొంత తగ్గిస్తాయేగాని పూర్తిగా చంపవు.

ఏ మాలిన్యానికి ఏ చికిత్స

నీటిశుద్ధిలో సర్వరోగనివారిణి లేదు. చికిత్స మాలిన్యాన్ని బట్టి ఉంటుంది.

పటికతో తేర్చటం: కొద్దిగా పటిక కలిపి నెమ్మదిగా కలియబెడితే మడ్డి ముద్దలుగా కట్టి అడుగుకు చేరుతుంది. పైనీటిని వంచుకుని వడగట్టాలి. ఇది మొదటిమెట్టు మాత్రమే.

గుడ్డ వడపోత: పాత నేత చీరను ఎనిమిది పొరలుగా మడిచి వడగడితే, కలరా క్రిములు అంటిపెట్టుకునే అతిచిన్న నీటిజీవులు చాలావరకు ఆగిపోతాయి. బంగ్లాదేశ్ పల్లెలలో ఈ పద్ధతి వలన కలరా దాదాపు సగం తగ్గిందని 2003లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. పాత చీరే మేలు. ఉతికి ఉతికి దాని పోగులు పొంగి సందులు చిన్నవవుతాయి.

ఇసుక వడపోత: 1829లో లండన్‌లో ఒక నీటికంపెనీ వాడిన మందవడపోత గదులు నేటికీ ఆదర్శమే. ఇసుక పైభాగంలో కొన్నాళ్లకు పేరుకునే జీగురుపొరే అందులో అసలు పనివాడు. క్రిములను పట్టి తినివేసేది అదే. దాన్ని మురికి అనుకుని తరచుగా గీకివేస్తే వడపోత బలహీనపడుతుంది.

మరగకాచటం: నీరు కళపెళ మరిగిన తరువాత ఒక నిమిషం ఉంచితే రోగక్రిములన్నీ నశిస్తాయి. కాచిన కుండలోనే మూతపెట్టి చల్లార్చాలి. అయితే కాచటం వలన ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్ పోవు. పైగా నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో అవి చిక్కబడతాయి. ఫ్లోరైడ్ ఊళ్లలో కాచిననీరు క్షేమమనుకోవటం ప్రమాదకరమైన పొరపాటు.

క్లోరిన్: మంచి బ్లీచింగ్ పౌడరు 1000 లీటర్ల తేటనీటికి సుమారు 2.5 గ్రాములు చాలును. పొడిని వేరే పాత్రలో నీళ్లతో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటనే పోయాలి. కనీసం అరగంట ఆగిన తరువాతనే వాడాలి. ఆ తరువాత కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఆ మిగులే కుళాయి దాకా కాపలా. ఆ స్వల్పవాసన నీటి దోషం కాదు, రక్షణకు గుర్తు. మూతతీసి ఉంచిన పొడి సత్తువ పోతుంది.

ఎండ: మడ్డిలేని నీటిని రంగులేని సీసాలలో నింపి ఆరుగంటలు మంచి ఎండలో ఉంచితే క్రిములు చాలావరకు చస్తాయి. మబ్బుగా ఉంటే రెండురోజులు ఉంచాలి. బేరూత్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో అఫ్తీమ్ అక్రా, ఆయన సహచరులు 1980 ప్రాంతంలో దీన్ని ప్రయోగపూర్వకంగా చూపారు.

ఫ్లోరైడ్ తొలగింపు: నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతి 'నల్లగొండ పద్ధతి' అనే పేరుతోనే ప్రపంచానికి తెలిసింది. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి, వేగంగాను తరువాత మెల్లగాను కలియబెట్టి, ఒక గంట తేరనిచ్చి, పైనీటిని వాడాలి. పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారగుణాన్ని బట్టి మారుతుంది కనుక పరీక్ష లేకుండా అంచనాతో వేయరాదు. అడుగున మిగిలే ముద్దను పశువులు తాగేచోట పారబోయరాదు. రివర్స్ ఆస్మోసిస్ యంత్రాలు కూడా ఫ్లోరైడ్‌ను తొలగిస్తాయి. కాని ఇళ్లలోని యంత్రాలలో తరచు సగానికి పైగా నీరు వృథా అవుతుంది. దేహానికి కావలసిన లవణాలు కూడా పోతాయి. అన్నింటికన్న శాశ్వతమైన మార్గం జలవనరునే మార్చటం. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం కింద నదీజలాలను నల్లగొండ పల్లెలకు గొట్టాల ద్వారా చేర్చటం ఈ ఉద్దేశంతోనే. వాననీటిని శుభ్రమైన తొట్లలో నిలవచేసుకోవటం కూడా ఇటువంటిదే.

శుద్ధి తరువాతి శుద్ధి

శుద్ధమైన నీరు ఇంటిలో మళ్లీ మలినమయ్యే అవకాశమే ఎక్కువ. పాత్రలపై మూతలుంచటం, తోలుసంచుల మూతి బిగించికట్టటం, సంచి మూతికి నోరుపెట్టి తాగకపోవటం, పాత్రలో ఊపిరి వదలకపోవటం, నిలవనీటిలో మూత్రవిసర్జన చేయకపోవటం, జలాశయాల దగ్గర మలవిసర్జన చేయకపోవటం - ఇవన్నీ దైవప్రవక్త (స) బోధనలలో ఉన్నవే. వీటిని నేటి ఇంటికి అన్వయిస్తే బిందెలో చేయి ముంచకుండా పొడవుకాడ గరిటెతో తీసుకోవటం, కుళాయి బిగించిన పాత్ర వాడటం, మస్జిదు తొట్టిని నియమంగా కడిగించటం అవుతుంది. వుజూ చేసే హౌజు నీటిని పిల్లలు దోసిళ్లతో తాగకుండా వారికి వేరే కుళాయి ఏర్పాటుచేయటం మస్జిదు కమిటీలు వాయిదావేయరాని పని.

జలదానం, దాని షరతు

తల్లి మరణానంతరం ఆమె పేరున ఏ దానం మేలు అని హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) అడుగగా నీరు అనే సమాధానం లభించిందని, ఆయన ఒక బావి తవ్వించారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆ సంప్రదాయంలోనే నేటికీ తల్లిదండ్రుల పేరున, సంతానం పేరున పల్లెలలో బోర్లు వేయిస్తున్నారు. గచ్చు దిమ్మెమీద దాత పేరు చెక్కిస్తున్నారు. నీరు పడగానే పని పూర్తయినదని భావిస్తున్నారు.

కాని ఫ్లోరైడ్ ఉన్న ఊరిలో పరీక్షించని బోరు తాగేవారి ఎముకలలో దినదినం విషాన్ని పోగుచేస్తుంది. సదఖా జారియా అంటే ఆగకుండా ప్రవహించే పుణ్యం. నీరు చెడ్డదైతే ఆగకుండా ప్రవహించేది హాని అవుతుంది. కనుక దాతలు చేయవలసినది ఇది: బోరు వేసిన వెంటనే రెండు శుభ్రమైన సీసాలలో నీటిని పట్టి ప్రభుత్వ నీటిపరీక్షా కేంద్రానికి పంపాలి. ఒకటి క్రిముల పరీక్షకు. దానికి సీసా పరీక్షా కేంద్రం ఇచ్చినదై ఉండాలి. రెండవది ఫ్లోరైడ్, నైట్రేట్, లవణాల పరీక్షకు. ఫలితాన్ని దిమ్మెమీద దాత పేరుకన్న పెద్ద అక్షరాలతో రాయించాలి. తాగటానికి పనికిరాదని తేలితే బోరును మూసివేయనవసరం లేదు. 'వుజూకు, ఉతుకుకు, కడుగుకు మాత్రమే' అని రాసి ఎర్రరంగు వేయిస్తే చాలును. తాగేనీటికి మిగిలిన డబ్బుతో వాననీటి తొట్టి కట్టించవచ్చు. వానాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి పరీక్ష మళ్లీ చేయించాలి. భూగర్భజలం మట్టం మారితే దానిలోని మాలిన్యాల పాలు కూడా మారుతుంది.

ఉత్తరీయం పరచి బావిని కొలిచిన ఇమామ్‌కు ఆనాడు ఉన్న సాధనం అదొక్కటే. ఈనాడు ఉన్న సాధనాలు అనేకం. వాటిని వాడకుండా నీరు తేటగా ఉన్నదని, తీయగా ఉన్నదని సంతృప్తిపడటం ధర్మానికీ, వైద్యానికీ సమ్మతం కాదు.